గోడ ఎంత సిగ్నల్ తింటోంది? గోదావరి ఇళ్లలో వైఫై, 5జీ తరంగాలను కొలిచే పద్ధతి

హాల్లో రూటర్ ఉంటుంది, పడగ్గదిలో వీడియో ఆగి ఆగి వస్తుంది. కనెక్షన్ కుర్రాడిని పిలిస్తే "రూటర్ పాతదైపోయిందండీ, మార్చేద్దాం" అంటాడు. మార్చినా పడగ్గదిలో పరిస్థితి మారదు. అసలు సంగతి గోడలో ఉంటుంది, ఆ గోడని మాత్రం ఎవరూ కొలవరు.

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం వైపు ఏ వీధి చూసినా మూడు నాలుగు కాలాల ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. తాతల నాటి మండువా లోగిలి, దాని పక్కన గల్ఫ్ నుంచి పంపిన డబ్బుతో లేచిన రెండంతస్తుల డాబా, వెనక రేకుల షెడ్డు, సందు చివర పెంకుటిల్లు. ఒకే రూటర్ వీటిలో ఒక్కోచోట ఒక్కోలా పనిచేస్తుంది. ఎందుకని తలో మాటా చెప్పుకునే బదులు, చేతిలో ఉన్న ఫోనుతోనే చాలావరకు కొలిచి తేల్చుకోవచ్చు.

ఈ పద్ధతి చివరిదాకా చేస్తే మీకు మూడు అంకెలు వస్తాయి. మీ ఇంట్లో ఒక్కో గోడ ఎన్ని డెసిబెల్స్ తింటోంది, దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ ఎంత వేగంగా పడిపోతోంది, 2.4 గిగాహెర్ట్జ్‌కీ 5 గిగాహెర్ట్జ్‌కీ ఆ ఇంట్లో తేడా ఎంత అన్నవి. ఇంటర్నెట్లో దొరికే పట్టికల్లో "ఇటుక గోడకి ఇంత, కాంక్రీటుకి ఇంత" అని రాసి ఉంటుంది. అవి చాలావరకు పొడి గోడల లెక్కలు. మన గోడలు పొడిగా ఉండవు. అడుగు తవ్వితే నీళ్లు పడే నేల మీద, కాలవ గట్టు పక్కన, ఏటా నాలుగైదు నెలలు తడిసే గోడలవి. అందుకే మన ఇంటి అంకెని మనమే కొలవాలి.

ముందు తెలియాల్సింది కాస్తే

సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో, అంటే ఒక మిల్లీవాట్ శక్తితో పోల్చి డెసిబెల్స్‌లో చెబుతారు. ఫోన్లలో ఇది ఎప్పుడూ మైనస్‌లోనే కనిపిస్తుంది. మైనస్ 40 అంటే బలమైన సిగ్నల్, మైనస్ 80 అంటే బలహీనం. 3 డెసిబెల్స్ తగ్గితే శక్తి సగం అయినట్టు, 10 తగ్గితే పదో వంతు, 20 తగ్గితే నూరో వంతు. గోడ 20 డెసిబెల్స్ తిన్నదంటే తన మీద పడ్డ శక్తిలో నూటికి ఒక పాలు మాత్రమే అవతలికి పంపిందన్నమాట.

అడ్డం లేని చోట దూరం వల్ల జరిగే నష్టానికి ఒక సూత్రం ఉంది:

నష్టం (డెసిబెల్స్) = 20 × లాగ్(దూరం, మీటర్లలో) + 20 × లాగ్(ఫ్రీక్వెన్సీ, మెగాహెర్ట్జ్‌లో) − 27.55

లాగ్ అంటే ఇక్కడ 10 మూలంగా ఉన్నది. దీని ప్రకారం ఒక మీటరు దూరంలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి సుమారు 40, 5 గిగాహెర్ట్జ్ వైఫై మధ్యభాగమైన 5.5 గిగాహెర్ట్జ్‌కి సుమారు 47, 5జీకి ఇచ్చిన పై బ్యాండు 26 గిగాహెర్ట్జ్‌కి సుమారు 61 డెసిబెల్స్ నష్టం. దూరం రెట్టింపైన ప్రతిసారీ ఇంకో 6 కలుస్తుంది. గోడ లెక్క దీనికి అదనం.

తరంగదైర్ఘ్యం కూడా గుర్తుంచుకోండి, తర్వాత ప్రతి అడుగులోనూ అవసరమవుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌కి పన్నెండు సెంటీమీటర్ల పైచిలుకు, 5.5కి ఐదున్నర సెంటీమీటర్లు, 26 గిగాహెర్ట్జ్‌కి పదకొండున్నర మిల్లీమీటర్లు. తరంగం కన్నా బాగా చిన్నదైన రంధ్రం ఉన్న ఇనుప వల ఆ తరంగానికి రేకుతో సమానం. ఆ ముక్క దోమల మెష్ దగ్గర పనికొస్తుంది.

కావలసిన సామాన్లు

2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండూ ఉన్న రూటర్ ఒకటి, ఆండ్రాయిడ్ ఫోను, కొలత టేపు, సుద్దముక్క, రెండు ప్లాస్టిక్ స్టూళ్లు, ఒక నోటుబుక్కు. ఇనుప స్టూలు వద్దు, స్టీలు బల్ల అసలే వద్దు. ఫోనులో వైఫై అనలైజర్ లాంటి యాప్ ఏదైనా సరే, డీబీఎం అంకె చూపిస్తే చాలు. ఐఫోన్లలో మామూలు యాప్‌లకి ఈ అంకె అందదు. ఆపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీలో వైఫై స్కానర్ ఆన్ చేసుకుంటే కనిపిస్తుంది గానీ, ఈ పనికి ఆండ్రాయిడే హాయి.

ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక్కో యాప్ రెండు నిమిషాల్లో నాలుగు స్కాన్‌లకి మించి చేయకుండా కట్టడి పెట్టారు. అది తెలియకపోతే స్క్రీన్ మీద పాత అంకెనే కొత్తదనుకుని రాసేసుకుంటారు. ఆండ్రాయిడ్ 10, ఆ పైవాటిలో డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి వైఫై స్కాన్ థ్రాట్లింగ్ ఆఫ్ చేయండి.

కొందరు ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటరుకి తగిలించే చిన్న రేడియో రిసీవర్) కొనేసి తర్వాత అడుగుతుంటారు. అది సుమారు 1.7 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, వైఫైని చూడలేదు. నిజంగా పరికరం మీద డబ్బు పెట్టాలనుకుంటే టైనీఎస్ఏ అల్ట్రా లాంటి చిన్న స్పెక్ట్రమ్ అనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శక్తి ఉందో చూపే పరికరం) మేలు. మొదటిసారికి మాత్రం ఫోను చాలు.

ఒక చట్టం సంగతి. రేడియో తరంగాలను ఎక్కడపడితే అక్కడ ప్రసారం చేయడానికి వీల్లేదు. మన దేశంలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా 2005లోనే లైసెన్సు అక్కర్లేకుండా చేశారు. 2018లో 5150–5350, 5470–5875 మెగాహెర్ట్జ్ భాగాలకూ ఆ వెసులుబాటు వచ్చింది. ఆమోదం ఉన్న మామూలు రెండు బ్యాండ్ల రూటర్ ఈ హద్దుల్లోనే ఉంటుంది కాబట్టి మనకి అదే ట్రాన్స్‌మిటర్. సొంతంగా సిగ్నల్ జనరేటర్ కట్టి వేరే ఫ్రీక్వెన్సీల్లో ప్రయోగాలు చేయకండి.

మొదటి అడుగు: రూటర్‌ని కదలకుండా కట్టేయాలి

ఇప్పటి రూటర్లు తెలివైనవి, ఆ తెలివే మన కొలతకి శత్రువు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెండు బ్యాండ్లకీ వేర్వేరు పేర్లు పెట్టండి. ఫోనుని తనంతట తనే ఒక బ్యాండ్ నుంచి ఇంకోదానికి మార్చే స్మార్ట్ కనెక్ట్ లేదా బ్యాండ్ స్టీరింగ్ ఆఫ్. ట్రాన్స్‌మిట్ పవర్ ఆటోలో ఉంటే దాన్ని ఒకచోట స్థిరంగా పెట్టండి. ఛానల్ కూడా ఆటోలో ఉండకూడదు. 2.4లో 1, 6, 11ల్లో ఖాళీగా ఉన్నది ఒకటి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 5లో 36 నుంచి 48 లోపు గానీ 149 ఆ పైన గానీ తీసుకోండి. మధ్యలో ఉన్న 52–144 ఛానళ్లలో రాడార్ జాడ తగిలితే రూటర్ తనంతట తనే ఛానల్ మార్చేస్తుంది, కొలత సగంలో పాడవుతుంది.

బయటికి కనిపించే యాంటెనాలు ఉంటే అన్నిటినీ నిటారుగా పెట్టండి. నిటారు యాంటెనా చుట్టూరా బాగా వెదజల్లుతుంది గానీ తన తల మీదికీ కాళ్ల కిందికీ పెద్దగా పంపదు. మేడ మీద గదిలో సిగ్నల్ లేదని స్లాబుని తిట్టే ముందు ఈ విషయం చూసుకోవాలి. రూటర్‌ని స్టూలు మీద నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో పెట్టండి, గోడకి ఆనించొద్దు. కరెంటు పోయి వచ్చాక కొన్ని రూటర్లు సెట్టింగ్స్ మార్చుకుంటాయి, కాబట్టి ఇన్వర్టర్ లైను మీద పెట్టుకుంటే నిశ్చింత.

రెండో అడుగు: ఒక్క రీడింగ్‌ని ఎప్పుడూ నమ్మకండి

మొత్తం పనిలో జనం బోల్తాపడే చోటు ఇదే, అందుకే కాస్త ఓపికగా చదవండి.

ఫోనుని బల్ల మీద పెట్టి అంకె చూడండి. ఇప్పుడు ఆరు సెంటీమీటర్లు పక్కకి జరిపి మళ్లీ చూడండి. ఎనిమిది, పది, కొన్నిసార్లు ఇరవై డెసిబెల్స్ కూడా మారుతుంది. రూటర్ అక్కడే ఉంది, గోడలు అక్కడే ఉన్నాయి. గదిలో తరంగం నేరుగా ఒకటి, గోడ మీద తగిలి ఒకటి, బీరువా మీద తగిలి ఒకటి, గచ్చు మీద తగిలి ఒకటి వస్తుంది. కాలవలో ఎదురెదురుగా వెళ్లే రెండు పడవల అలలు కలిసిన చోట ఒకచోట నీరు ఎగిసి, జానెడు అవతల దాదాపు చదునుగా ఉన్నట్టే, ఈ తరంగాలు కూడా ఒకచోట కలిసి బలపడతాయి, పక్కనే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఈ ఎగుడుదిగుళ్లు తరంగదైర్ఘ్యంలో సగానికొకసారి వస్తుంటాయి. అంటే 2.4లో ఆరు సెంటీమీటర్లకి, 5.5లో మూడు సెంటీమీటర్ల లోపే.

కాబట్టి ఒక చోటి సిగ్నల్ అంటే ఒక బిందువు కాదు, ఒక చిన్న ప్రాంతం. చేయాల్సింది ఇది. స్టూలు మీద సుద్దతో మూరెడు చదరం గీయండి. అందులో కనీసం పదహారు చోట్ల, ఒక్కోచోట ఐదారు సెంటీమీటర్ల ఎడంతో ఫోను పెట్టి రీడింగ్ రాసుకోండి. ఒక్కోచోట అంకె నిలబడే దాకా పది సెకన్లు ఆగండి. తర్వాత స్టూలుని మూరెడు జరిపి ఇంకోసారి. ఈ రీడింగులన్నిటి సగటే ఆ ప్రాంతపు సిగ్నల్.

సగటు తీయడంలోనూ ఒక మెలిక ఉంది. డీబీఎం అంకెలను నేరుగా కూడి భాగిస్తే శక్తి సగటు రాదు. మైనస్ 50, మైనస్ 70 రెండు రీడింగులనుకోండి. నేరుగా సగటు తీస్తే మైనస్ 60. శక్తిలోకి మార్చి సగటు తీసి మళ్లీ డీబీఎంలోకి తెస్తే మైనస్ 53. ఏడు డెసిబెల్స్ తేడా, ఒక గోడంత. పద్ధతి: ప్రతి రీడింగ్‌ని 10తో భాగించి, 10 మీద ఆ ఘాతం వేయండి. వచ్చినవాటి సగటు తీయండి. ఆ సగటు లాగ్‌ని 10తో గుణించండి. ఫోనులో షీట్ తయారుచేసుకుంటే ఒకసారి రాస్తే సరిపోతుంది.

మీ ఒళ్లు కూడా అడ్డమే. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరు, అది ఈ తరంగాలను బాగా తాగేస్తుంది. ఫోను చేత్తో పట్టుకుని కొలిస్తే మీ అరచేతినీ పొట్టనీ కలిపి కొలిచినట్టే. స్టూలు మీద పెట్టి, రూటర్‌కీ ఫోనుకీ మధ్యన గానీ ఫోను వెనకే గానీ నిలబడకుండా, రెండు మీటర్లు పక్కకి జరిగి చూడండి. స్క్రీన్ రికార్డింగ్ పెట్టి బయటికి వెళ్లిపోతే ఇంకా మంచిది. పిల్లల్ని కాసేపు ఆడుకోవడానికి పంపేయండి. ఫ్యాను ఆపండి. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కాబట్టి అది ఆఫ్‌లో ఉండాలి.

మూడో అడుగు: ఆరుబయట మూల కొలత

గోడ ఎంత తిందో తెలియాలంటే గోడ లేకపోతే ఎంత వచ్చేదో ముందు తెలియాలి, అదే మూల కొలత. కోతలయ్యాక ఎండిన చేను, బడి మైదానం, పెద్ద డాబా పైకప్పు ఏదైనా పనికొస్తుంది. డాబా మీదైతే వాటర్ ట్యాంకుకీ ఇనుప రెయిలింగ్‌కీ దూరంగా. కొబ్బరితోట మధ్యలో వద్దు, మట్టలు కదిలేకొద్దీ అంకె కదులుతుంది.

రూటర్, ఫోను రెండూ 1.2 మీటర్ల ఎత్తులో, మధ్య దూరం 3 మీటర్లు. ముందు అడుగులో చెప్పినట్టు చదరమంతా తిప్పి సగటు తీయండి. రెండు బ్యాండ్లకీ విడివిడిగా చేయండి. తర్వాత ఇదే పని 1, 2, 4, 8 మీటర్ల దగ్గర కూడా చేసి ఉంచుకోండి. మీటరు కన్నా దగ్గరికి వెళ్లొద్దు. మైనస్ 20 దరిదాపుల్లో ఫోను రిసీవర్ అంకె నమ్మదగ్గది కాదు.

దూరం రెట్టింపైనప్పుడు 6 డెసిబెల్స్ దరిదాపుల్లో తగ్గుతోందా? తగ్గుతుంటే ఫోను సక్రమంగా ఉన్నట్టే. ఫోను అంకెల్లో అసలు విలువకీ చూపే విలువకీ నాలుగైదు డెసిబెల్స్ తేడా ఉండొచ్చు, కంపెనీకో రకం. మనకి కావలసింది రెండు కొలతల మధ్య తేడా మాత్రమే కాబట్టి అది పెద్ద ఇబ్బంది కాదు. కానీ మొదలుపెట్టిన ఫోనుతోనే, అదే కవరుతోనే, అదే దిక్కుగా పెట్టి చివరిదాకా చేయాలి.

నాలుగో అడుగు: గోడని కొలవడం

తలుపూ కిటికీ దగ్గర్లో లేని గోడ ఎంచుకోండి. గోడకి ఇటు మీటరున్నర దూరంలో రూటర్, అటు మీటరున్నర దూరంలో ఫోను, రెండూ ఒకే గీత మీద, ఆ గీత గోడకి లంబంగా. అంటే మొత్తం 3 మీటర్లు, ఆరుబయట కొలిచిన దూరమే. సగటు తీయండి. ఆరుబయటి సగటులోంచి దీన్ని తీసేస్తే వచ్చేది ఆ గోడ నష్టం.

ఆ గీతని గోడ పొడవునా అరమీటరు చొప్పున జరుపుతూ నాలుగైదు చోట్ల చేయండి. తొమ్మిదంగుళాల గోడ అని మేస్త్రి చెప్పినా లోపల అన్నిచోట్లా ఒకేలా ఉండదు. పిల్లర్ వచ్చిన చోట లోపల చువ్వలుంటాయి. పిల్లరూ ఇటుకా కలిసే చోట పగుళ్లు రాకుండా ప్లాస్టరింగ్ కింద చికెన్ మెష్ కొడతారు. ఆ మెష్ రంధ్రం తరంగదైర్ఘ్యంతో పోలిస్తే చాలా చిన్నది కాబట్టి 2.4 తరంగాన్ని కూడా వెనక్కి కొట్టేస్తుంది. గోడ పొడవునా కొలుస్తూ వెళ్తుంటే ఒకచోట అంకె హఠాత్తుగా పడిపోతే అక్కడ ఇనుము ఉన్నట్టు.

ఇప్పుడు ఒక పరీక్ష తప్పకుండా చేయండి. పక్కనున్న తలుపు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కొలవండి. అంకె మారిందంటే ఫోనుకి అందుతున్నది గోడలోంచి వచ్చిన సిగ్నల్ మాత్రమే కాదు, తలుపు దారిన తిరిగొచ్చింది కూడా. రేకు తలుపైతే తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. గోడ నష్టం 20 డెసిబెల్స్ దాటేసరికి ఈ దొడ్డిదారి సిగ్నలే ఎక్కువైపోతుంది. అప్పుడు మీకు వచ్చిన అంకెని "కనీసం ఇంత" అని మాత్రమే రాసుకోవాలి.

ప్రతి కొలత పక్కనా ఏమేం రాయాలో చెబుతాను: గోడ మందం, దేనితో కట్టారు, సున్నమా సిమెంటా, ప్లాస్టరింగ్ ఒకవైపా రెండువైపులా, టైల్స్ ఉన్నాయా, నేల నుంచి ఎత్తు, తేదీ, ముందు రోజు వాన పడిందా. పాత లోగిళ్లలో గానుగ సున్నంతో కట్టిన గోడలు అడుగున్నర దాకా కూడా ఉంటాయి. వాటిని నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడతో కలిపి "ఇటుక గోడ" అని ఒకే వరుసలో రాస్తే ఆ పట్టిక ఎందుకూ కొరగాదు.

చెమ్మ సంగతి

పొడి ఇటుక ఈ తరంగాలకి మరీ పెద్ద అడ్డం కాదు. దాని పర్మిటివిటీ (తరంగాన్ని ఒక పదార్థం ఎంత ప్రభావితం చేస్తుందో చెప్పే అంకె) నాలుగు దరిదాపుల్లో ఉంటుంది. నీళ్లకి అదే డెబ్బై ఎనిమిది దాకా. ఇటుకలోని సన్నని రంధ్రాల్లో నీరు చేరితే గోడ ఉపరితలం దగ్గరే ఎక్కువ భాగం వెనక్కి తిరుగుతుంది, లోపలికి వెళ్లింది కూడా దారిలో వేడిగా మారి పోతుంది. ఆ నీటిలో ఉప్పు ఉంటే నష్టం ఇంకా పెరుగుతుంది. అంతర్వేది, ఉప్పలగుప్తం లాంటి సముద్రపు అంచు ఊళ్లలో గోడల కింది భాగం ఉప్పు పట్టి పెచ్చులూడటం ఎవరికైనా తెలిసిందే. అక్కడ సిగ్నల్‌కి కూడా దెబ్బే.

దీన్ని విడదీసి చూడటానికి రెండు దార్లు ఉన్నాయి. మొదటిది ఒకే రోజు చేసేది. చెమ్మ మోకాలి ఎత్తుదాకా పాకిన గోడ తీసుకుని, రూటర్నీ ఫోనునీ 30 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి ఒకసారి, మీటరున్నర ఎత్తులో పెట్టి ఒకసారి కొలవండి. కానీ నేలకి దగ్గరగా వెళ్తే గచ్చు మీద తగిలి వచ్చే తరంగం లెక్క మార్చేస్తుంది. అందుకని ఆరుబయటి మూల కొలత కూడా ఆ రెండు ఎత్తుల్లోనూ విడిగా తీసుకుని, ఏ ఎత్తుకి ఆ ఎత్తుదే తీసివేయాలి.

రెండోది మెరుగైనది, కాకపోతే ఓపిక కావాలి. గోడకి రెండువైపులా స్టూళ్ల కాళ్లు ఆనిన చోట గచ్చు మీద చెరగని గుర్తు పెట్టండి. మే నెల ఎండల్లో ఒకసారి కొలవండి. ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టాక సరిగ్గా అక్కడే మళ్లీ కొలవండి. అక్టోబరు, నవంబరు తుపాను వానల తర్వాత ఇంకోసారి. గోడ అదే, దూరం అదే, ఫోను అదే. మారింది నీరొక్కటే.

గోడలో చెమ్మ ఉందో లేదో తెలియడానికి పరికరం కొనక్కర్లేదు. అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకి అతికించి రాత్రంతా ఉంచండి. తెల్లారి లోపలివైపు గోడ రంగు ముదిరి, కాగితానికి బిందువులు పడితే గోడలోంచి నీరు వస్తున్నట్టే. ఆ చోటు ఫొటో తీసి కొలత పక్కన పెట్టుకోండి.

పంట ఇంటికొచ్చిన రోజుల్లో హాల్లో ధాన్యం బస్తాల నెట్టు వేస్తారు. కొనుగోలు కేంద్రాల్లో తేమ 17 శాతం దాటకూడదంటారు కదా. అంత నీరున్న గింజల నెట్టు రెండు వరుసలుంటే అది కూడా ఒక తడి గోడే. ఆ రోజుల్లో వైఫై పడిపోయిందంటే ముందు బస్తాల వైపు చూడండి.

మెష్, రేకు, గాజు

మన ఇళ్లలో కిటికీకీ తలుపుకీ దోమల మెష్ లేకుండా కుదరదు. నైలాన్ లేదా ఫైబర్ మెష్ అయితే తరంగానికి ఉన్నట్టే తెలియదు. స్టీలు, అల్యూమినియం మెష్ అయితే మిల్లీమీటరు కన్నం నుంచి 26 గిగాహెర్ట్జ్ తరంగం కూడా సరిగ్గా దూరలేదు. అయస్కాంతంతో చూసి తేల్చలేరు, అల్యూమినియం అంటుకోదు. మెష్ తలుపు తెరిచి, మూసి రెండు సగటులు తీయండి, క్షణంలో తెలిసిపోతుంది. కొత్త ఇల్లు కట్టేవాళ్లకి నా సలహా ఒక్కటే: మెష్ నైలాన్‌ది వేయించుకోండి.

రేకుల షెడ్డు, రోలింగ్ షట్టర్, రొయ్యల ప్లాంట్లలో కోల్డ్ రూము చుట్టూ వేసే రేకు తొడుగు ప్యానెళ్లు, ఇవన్నీ పూర్తి అడ్డాలు. వాటి గుండా కొలవడం దండగ. సందుల్లోంచి వచ్చేదాన్నే కొలుస్తారు. లోపల ఒక యాక్సెస్ పాయింట్ (వైఫైని వెదజల్లే ఇంకో పెట్టె) పెట్టుకోవడమే దారి.

గాజు మాత్రం మోసం చేస్తుంది. 2013లో న్యూయార్క్‌లో 28 గిగాహెర్ట్జ్ దగ్గర చేసిన కొలతల్లో మామూలు గాజుకి 4 డెసిబెల్స్ లోపు, భవనాల బయటి టింటెడ్ గాజుకి 40 దాకా నష్టం వచ్చింది. చూపు ఆగని చోట తరంగం ఆగుతుంది. కారణం గాజు మీద వేసే పల్చటి లోహపు పూత.

ఐదో అడుగు: దూరంతో పాటు ఎలా పడిపోతోంది

ఇప్పుడు ఇల్లంతా తిరగండి. ఒకే వైపుగా, రూటర్ నుంచి 1, 2, 4, 8 మీటర్ల దగ్గర సగటులు తీయండి. వరుసగా మైనస్ 40, మైనస్ 46, మైనస్ 53, మైనస్ 61 వచ్చాయనుకుందాం. షీట్‌లో ఒక నిలువు వరుసలో దూరాల లాగ్ (0, 0.301, 0.602, 0.903), పక్క వరుసలో సగటులు పెట్టి స్లోప్ ఫంక్షన్ వేయండి. మైనస్ 23.3 వస్తుంది. దాన్ని మైనస్ 10తో భాగిస్తే 2.33. దీన్ని నష్ట ఘాతాంకం అంటారు.

అడ్డం లేని చోట ఇది 2. పొడవాటి వసారాలో గోడలు తరంగాన్ని దారిపెట్టి నడిపిస్తాయి కాబట్టి 2 కన్నా తక్కువ కూడా రావొచ్చు. గది దాటి గది, గోడ దాటి గోడ అయితే 3, 4 దాకా పోతుంది. మండువా లోగిలిలో సరదాగా ఉంటుంది. మధ్యన ఆకాశానికి తెరిచిన మండువా ఉండటం వల్ల నాలుగు వసారాల్లో ఒక ఘాతాంకం, చుట్టూ ఉన్న గదుల్లోకి వెళ్లగానే పూర్తిగా వేరే ఘాతాంకం వస్తుంది. రెండిటినీ కలిపి ఒక గీత గీయకండి, విడివిడిగా గీయండి. గీతకి అటూ ఇటూ కొన్ని డెసిబెల్స్ చెదిరి ఉండటం సహజం. అన్ని బిందువులూ గీత మీదే కూర్చున్నాయంటే అనుమానించాలి.

ఆరో అడుగు: టవర్ నుంచి వచ్చే 5జీ

మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. ఇళ్లకి వచ్చే 5జీలో ఎక్కువగా వాడేది 3.3 గిగాహెర్ట్జ్ పైన ఉన్న బ్యాండు, దాంతోపాటు 700 మెగాహెర్ట్జ్ కూడా ఉంది. టవర్ మన చేతిలో లేదు కాబట్టి ఇక్కడ పద్ధతి మారుతుంది. ఇంటి బయట, టవర్ వైపు ఉన్న గోడ పక్కన ఒక సగటు, లోపల ఒక సగటు, తేడా చూడండి. ఫోనుని 5జీలోనే ఉండేలా పెట్టి, మొబైల్ నెట్‌వర్క్ వివరాలు చూపే యాప్‌లో బ్యాండ్, సెల్ గుర్తింపు సంఖ్య రెండూ లోపలా బయటా ఒకటే అని సరిచూసుకోండి. లోపలికి రాగానే ఫోను 700కి దూకేసి ఉంటే మీరు పోల్చేది రెండు వేర్వేరు సిగ్నళ్లని.

ఇక్కడ చూడాల్సిన అంకె ఆర్‌ఎస్‌ఆర్‌పీ. వైఫైలో చూసే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ మొత్తం శక్తి, ఇది దానిలో ఒక సన్నని భాగపు శక్తి. అందుకే అంకె ఎప్పుడూ చాలా తక్కువగా కనిపిస్తుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి వైఫై మేలనో 5జీ మేలనో అనొద్దు.

వచ్చిన తేడాని దేనితో పోల్చాలి? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పి.2109 అనే సిఫార్సులో భవనాలని రెండు రకాలు చేసింది: సంప్రదాయ భవనాలు, లోహపు పూత గాజు, రేకు పొర ఇన్సులేషన్ ఉన్న కొత్త తరహావి. ఆ సూత్రం ప్రకారం 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర మొదటి రకానికి మధ్యస్థ నష్టం సుమారు 15 డెసిబెల్స్, రెండో రకానికి సుమారు 29. 26 గిగాహెర్ట్జ్‌కి అవే సుమారు 20, 41 అవుతాయి. మీ పెంకుటిల్లు మొదటి అంకె దగ్గర ఉందా? ముందంతా నీలి గాజు వేయించిన కొత్త డాబా రెండోదాని దగ్గరికి పోయిందా?

ఈ కొలత తుపాను షెల్టర్లలో చేస్తే ఊరికి నిజంగా ఉపకారం. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకి ఆ భవనాల విలువ చెప్పక్కర్లేదు. మందపాటి కాంక్రీటు గోడల మధ్య, తడిసి ముద్దయిన రోజున, కిటికీలు మూసేశాక లోపల ఫోను పనిచేస్తుందా లేదా అన్నది ఎండాకాలంలోనే కొలిచి పంచాయతీకి కాగితం మీద ఇవ్వొచ్చు. కిటికీలన్నీ మూసి కొలవండి, ఒక్కో మూలకీ విడిగా రాయండి.

కాలేజీ ల్యాబు ఉన్నవాళ్లకి

ఇంజనీరింగ్ విద్యార్థులైతే సిగ్నల్ ఎంత అన్నదానితో పాటు ఎన్ని దారుల్లో, ఎంత ఆలస్యంగా వస్తోంది అన్నది కూడా కొలవొచ్చు. 6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే చిన్న నెట్‌వర్క్ అనలైజర్, రెండు యాంటెనాలు, మంచి కేబుళ్లు కావాలి. కేబుల్ చివర కాలిబ్రేట్ చేసి, ఎస్21ని (ఒక యాంటెనా నుంచి రెండోదానికి ఎంత చేరిందో చెప్పే కొలత) ఒక బ్యాండు అంతటా స్వీప్ చేసి, ఇన్వర్స్ ఫోరియర్ తీస్తే ఆలస్యాల పటం వస్తుంది. తరంగం ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. లైసెన్సు అక్కర్లేని 5470–5875 భాగం వెడల్పు 405 మెగాహెర్ట్జ్, దాంతో సుమారు రెండున్నర నానోసెకన్ల తేడాని, అంటే 74 సెంటీమీటర్ల దారి తేడాని విడదీయగలరు. 2.4 బ్యాండ్‌లో 83.5 మెగాహెర్ట్జే ఉంది కాబట్టి మూడున్నర మీటర్ల కన్నా దగ్గరి ప్రతిధ్వనులు కలిసిపోతాయి. రేకుల గోడౌన్‌లో ఒకసారి, పెంకుటింట్లో ఒకసారి చేసి రెండు పటాలూ పక్కన పెట్టండి. రేకుల మధ్య తరంగం ఎంతసేపు కొట్టుకుంటుందో కళ్లకి కడుతుంది.

26 గిగాహెర్ట్జ్ కొలతలకి హార్న్ యాంటెనాలు, ఆ బ్యాండుకి సరిపడే పరికరాలు, అనుమతులు కావాలి. అది ఇంట్లో చేసే పని కాదు. అయితే ఈ దేశంలో అంత చిన్న తరంగాలతో ప్రయోగం కొత్త కాదు. జగదీశ్ చంద్ర బోస్ 1894–96 మధ్య కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో 5 మిల్లీమీటర్ల దాకా చిన్నవైన తరంగాలతో పనిచేశారు. 2012లో ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ దాన్ని మైలురాయిగా గుర్తించింది.

వచ్చిన అంకెలతో ఏం చేయాలి

గోడల నష్టాలు విడిగా చేతిలో ఉన్నాయి కాబట్టి, ఏ గదిలో ఎంత వస్తుందో ముందే లెక్క వేయొచ్చు. మీటరు దగ్గరి అంకెలోంచి 20 × లాగ్(దూరం) తీసేసి, దారిలో ఉన్న ఒక్కో గోడ నష్టాన్నీ తీసేయండి. ఇక్కడ 20 వాడుతున్నాం, ఎందుకంటే గోడల్ని విడిగా లెక్కిస్తున్నాం. ఐదో అడుగులో గోడలు దాటి తీసిన ఘాతాంకాన్ని వాడి మళ్లీ గోడల్ని కూడా తీసేస్తే ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

ఉదాహరణకి మీటరు దగ్గర 5 గిగాహెర్ట్జ్ అంకె మైనస్ 34, పడగ్గది 9 మీటర్ల దూరం, మధ్యలో రెండు గోడలు, ఒక్కోటి 14 డెసిబెల్స్ తింటాయని మీ కొలతలో తేలిందనుకుందాం. దూరానికి 19, గోడలకి 28 పోతే మిగిలేది మైనస్ 81. వీడియోకి పనికిరాదు. వీడియో కాల్ సాఫీగా ఉండాలంటే మైనస్ 67 కన్నా మెరుగ్గా ఉండాలంటారు. అదే ఇంట్లో 2.4కి మీటరు దగ్గర మైనస్ 30, ఒక్కో గోడ 7 అయితే మైనస్ 63 మిగులుతుంది. అప్పుడు పడగ్గదిలో టీవీని 2.4 పేరుకే కలపాలి. ఎక్కువ వేగం కావాలంటే ఆ గదిలోనే రెండో యాక్సెస్ పాయింట్ పెట్టాలి. రూటర్ మార్చినందువల్ల ఈ 28 డెసిబెల్స్ తిరిగి రావు.

రెండో యాక్సెస్ పాయింట్‌కి కనెక్షన్ గాల్లోంచి తీసుకుంటే అదే గోడ మళ్లీ అడ్డొస్తుంది కాబట్టి క్యాట్ 6 నెట్‌వర్క్ వైరు లాగండి. మండువా లోగిలిలో వసారా దూలం వెంట వైరు నడిపి, మండువాకి ఎదురెదురు మూలల్లో రెండిటినీ పెడితే నాలుగు వసారాలకీ నేరుగా అందుతుంది. ఆరుబయట పోయే వైరు ఎండకి తట్టుకునే నల్ల తొడుగుదై ఉండాలి, పీవీసీ పైపులో వేయించండి, పైపు కింది చివర నీరు కారిపోయేలా వంపు ఉంచండి. లెక్కలో చెమ్మ గోడ ఏదైనా ఉంటే మే నెల అంకె కాకుండా ఆగస్టు అంకె వేసుకోండి.